రచ్చకట్ట నుంచి గ్రంథాలయం దాకా: అనంతపురం పీఠభూమిలో సంభాషణ స్థలాల నిర్మాణ చరిత్ర

వ్యాససంగ్రహం:
భిన్నాభిప్రాయాలు గలవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి ఎలాంటి కట్టడం అనుకూలిస్తుంది? అలాంటి సంభాషణ అలవడిన సమాజంలో తీవ్రవాద ధోరణులు బలపడటం కష్టమనే భావన నేటి సామాజిక విద్యా భవనాల ఆలోచనకు మూలం. అనంతపురం పీఠభూమిలో ఈ ప్రశ్నకు సుదీర్ఘమైన స్థానిక చరిత్ర ఉంది. రచ్చకట్ట, అరుగు బడి, చావడి, పీర్ల చావడి, గ్రంథాలయం అనే ఐదు రకాల స్థలాలను ఈ వ్యాసం నిర్మాణ దృష్టితో పరిశీలిస్తుంది. ప్రతి స్థలంలోనూ ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అనే అంశాలే అక్కడ జరిగిన మాటల స్వభావాన్ని నిర్ణయించాయని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. ఈ చరిత్ర ఆధారంగా, చిలమత్తూరు వంటి సరిహద్దు మండలకేంద్రంలో నిర్మించదగిన విద్యాభవనానికి కొన్ని సూత్రాలను చివర ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రచ్చకట్ట, అరుగు బడి, చావడి, పీర్ల పండుగ, గ్రంథాలయోద్యమం, రాయలసీమ, చిలమత్తూరు, సంభాషణ.

1. ఉపోద్ఘాతం

రచ్చ, పంచాయితీ అనే రెండు మాటలూ తెలుగులో ఒకనాడు నలుగురు కలిసి మాట్లాడుకోవడానికి సంబంధించినవే. రచ్చ అంటే ఊరివారు కూడే బహిరంగ స్థలం. నిఘంటువులు ఈ పదాన్ని వీధి అనే అర్థం గల సంస్కృత 'రథ్య' శబ్దంతో అనుసంధానిస్తాయి. పంచాయితీ అంటే ఐదుగురు పెద్దలు కూర్చుని చేసే విచారణ. ఈనాటి వాడుకలో మాత్రం రెండూ తగవుకు పర్యాయపదాలయ్యాయి. 'రచ్చ చేశాడు' అంటే గొడవ చేశాడని, 'వాళ్లకేదో పంచాయితీ ఉంది' అంటే వారి మధ్య వివాదం ఉందని అర్థం. 'ఇంట గెలిచి రచ్చ గెలవాలి' అన్న సామెతలో మాత్రం పాత అర్థం ఇంకా నిలిచి ఉంది. సంభాషణకు ఉద్దేశించిన స్థలాల పేర్లే కలహానికి పేర్లుగా మారడం భాషాశాస్త్ర విశేషంతో సరిపెట్టదగిన విషయం కాదు. ఆ స్థలాల్లో ఏం జరిగిందో చెప్పే సామాజిక సాక్ష్యం కూడా అందులో ఉంది.

తీవ్రవాదం అనే పదాన్ని తెలుగు పత్రికలు ప్రధానంగా సాయుధ రాజకీయాలకు, ఆ తరువాత మతోన్మాద హింసకు వాడుతూ వచ్చాయి. ఈ వ్యాసంలో ఆ పదానికి కొంత విశాలమైన అర్థం తీసుకోవడం జరిగింది. ఎదుటివారితో కలిసి కూర్చోవడాన్నే నిరాకరించే ధోరణి తీవ్రవాదానికి తొలిమెట్టు. రాయలసీమలో ఇది మతవిద్వేషం కంటే ఎక్కువగా కులవివక్షలోను, ముఠాకక్షల్లోను కనిపించింది. కాబట్టి ఈ ప్రాంతంలో సంభాషణ స్థలాల చరిత్రను పరిశీలించేటప్పుడు ఈ మూడింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

పరిశీలనకు కేంద్రం చిలమత్తూరు. ఒకప్పటి అనంతపురం జిల్లాలో భాగమై, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మండలం కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉంది. హైదరాబాదు, బెంగళూరు నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి ఈ మండలంలోని కొడికొండ మీదుగా సాగుతుంది. పక్క మండలం లేపాక్షి. సరిహద్దుకు అవతల ఉన్న బాగేపల్లి ప్రాంతంలోనూ తెలుగు వినిపిస్తుంది. ఇవతలి ఊళ్లలో కన్నడం, ఉర్దూ కూడా వినిపిస్తాయి. సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉండే ఈ పీఠభూమిలో నీడ, నీరు, రాయి అనే మూడే కట్టడాల రూపాన్ని నిర్ణయించాయి.

2. రచ్చకట్ట: నీడ, రాయి, ఎత్తు

ఈ ప్రాంతంలో రచ్చకట్ట నిర్మాణం సరళమైనది. రావి, వేప చెట్లను జంటగా నాటి, వాటి చుట్టూ రాతిబండలు పేర్చి, మధ్యలో మట్టి నింపుతారు. చాలాచోట్ల అదే కట్టమీద నాగుల ప్రతిమలు కూడా ఉంటాయి. గోడలు, తలుపులు ఉండవు. పైకప్పు చెట్టునీడే. ఎవరింటికీ చెందని స్థలం కాబట్టి అక్కడికి రావడానికి ఆహ్వానం అక్కరలేదు. అక్కడ పలికిన మాట దారిన పోయేవారికి కూడా వినపడుతుంది. నిర్మాణపరంగా సంభాషణకు ఇంతకంటే అనుకూలమైన స్థలం ఉండదని తొలిచూపుకు అనిపిస్తుంది.

గోడలు లేకుండా పైకప్పును నిలబెట్టే విధానం ఈ ప్రాంతపు రాతిపనివారికి చిరకాలంగా తెలిసినదే. అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరుపణ్ణ, వీరణ్ణ సోదరుల ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న లేపాక్షి వీరభద్రాలయంలోని నాట్యమండపం, అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. స్తంభాల మధ్య ఖాళీని విడిచి, జనం నలువైపులా కూర్చోవడానికి వీలు కల్పించే మండప నిర్మాణం ఊరి రచ్చకట్టకు దేవాలయ పరిధిలోని రూపాంతరంగా భావించవచ్చు.

అయితే రచ్చకట్టకు ఎత్తు ఉంది. ఆ ఎత్తే దాని చరిత్రలో కీలకమైన నిర్మాణాంశం. కట్టమీద కూర్చునేవారు వేరు, కట్ట కింద నిలబడేవారు వేరు. పంచములుగా ముద్రపడినవారు చెప్పులు చేతపట్టుకుని దూరంగా నిలబడవలసి వచ్చిన పరిస్థితి తెలుగు దళిత సాహిత్యంలో విస్తృతంగా నమోదైంది. స్త్రీలు కట్టమీద కూర్చోవడం మర్యాద కాదన్న కట్టుబాటు చాలా ఊళ్లలో ఇటీవలి వరకు కొనసాగింది. అందువల్ల రచ్చకట్టమీద జరిగినది సమానుల మధ్య సంభాషణ అనడం కంటే, పైన కూర్చున్నవారు కింద నిలబడ్డవారిని విచారించడం అనడమే సముచితం. స్థలం అందరికీ తెరిచి ఉంది. ఆసనం మాత్రం కొందరికే దక్కింది. 'రచ్చకీడ్చడం' అన్న పలుకుబడి అవమానాన్ని సూచించడానికి కారణం ఇక్కడే ఉంది.

దీనికి భిన్నమైన మరొక పార్శ్వం కూడా గమనార్హం. కదిరి సమీపంలోని కటారుపల్లిలో సమాధి ఉన్నదని సంప్రదాయం చెప్పే వేమన పద్యాలు ఈ ప్రాంతంలో పుస్తకాల కంటే ముందు నోటిమాటగా ప్రచారమయ్యాయి. సి.పి.బ్రౌను 1829లో వాటిని ప్రచురించే నాటికే అవి జనం నాలుకలమీద ఉన్నాయి. మతాచారాల అతిని, కులగర్వాన్ని సూటిగా ప్రశ్నించే ఆ పద్యాలకు ఊరి బహిరంగ స్థలాలే ప్రచార వేదికలు. కట్టమీద కూర్చునే హక్కు లేనివారు కూడా ఆ పద్యాలను వినగలిగారు, తిరిగి చెప్పగలిగారు. గోడలు లేకపోవడంవల్ల కలిగిన మేలు ఇది.

3. అరుగు బడి: 1823 నాటి సాక్ష్యం

రచ్చకట్ట తరువాత పరిశీలించవలసిన స్థలం ఇంటి అరుగు. ప్రభుత్వ పాఠశాలలు రాకముందు చదువు చెప్పే పంతుళ్లు ఎక్కువగా ఊరి సంపన్నుల ఇళ్ల అరుగులమీద బడులు నడిపారు. వీధిబడి అన్న పేరు ఈ నిర్మాణ లక్షణం నుంచే వచ్చింది. అరుగు ఇంటికి చెందినదే అయినా చూపు వీధివైపు ఉంటుంది. పిల్లలు వల్లెవేసే పాఠం వీధిలోని వారికి వినిపిస్తుంది.

మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై జిల్లాల వారీగా సమాచారం కోరాడు. దానికి సమాధానంగా బళ్లారి కలెక్టరు ఎ.డి.కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఈ ప్రాంత విద్యాచరిత్రకు అమూల్యమైన ఆధారం. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచే విడివడింది. కాబట్టి ఆ నివేదిక ఈ పీఠభూమిలో అధికభాగానికి వర్తిస్తుంది. కాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని, ఆ తరువాత నిఘంటువును ప్రచురించిన భాషావేత్త కావడం వల్ల ఆయన పరిశీలనకు మరింత విలువ ఉంది. ఈ నివేదికతో పాటు నాటి ఇతర జిల్లాల నివేదికలను ధరంపాల్ 1983లో తన గ్రంథంలో ప్రచురించారు.

ఆ నివేదిక ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641 మంది. అంటే బడికి సగటున 12 మంది; వెయ్యిమందిలో సుమారు ఏడుగురికి మాత్రమే చదువు అందింది. విద్యార్థుల్లో 6,398 మంది హిందువులు, 243 మంది ముస్లిములు. ఆడపిల్లలు 60 మంది మాత్రమే. భాషలవారీగా చూస్తే కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీ బడులు 23, పారశీక బడులు 21, తమిళ బడులు 4, ఇంగ్లీషు బడి 1. ఇవిగాక బ్రాహ్మణులకు మాత్రమే పరిమితమైన విద్యాస్థానాలు 23.

ఈ అంకెల నుంచి రెండు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, ఈ ప్రాంతం ఏ ఒక్క భాషకో పరిమితమైనది కాదు. తెలుగు, కన్నడ బడుల సంఖ్య దాదాపు సమానం. సరిహద్దు ప్రాంతపు చదువు మొదటి నుంచీ బహుభాషా స్వరూపం కలిగి ఉంది. రెండవది, బడి వీధికి తెరిచి ఉన్నంత మాత్రాన అది వీధి అందరిదీ కాలేదు. అరుగు ఎవరి ఇంటిదో ఆ ఇంటి గడపకు వర్తించే కట్టుబాట్లే బడికీ వర్తించాయి. ఆ ఇంటి ముందు నిలబడే అర్హత లేనివారి పిల్లలు అరుగు ఎక్కే ప్రశ్నే లేదు. ఉన్న 533 విద్యాసంస్థల్లో ఒక్కదానికైనా ప్రభుత్వం నుంచి సహాయం అందడం లేదని కాంప్‌బెల్ విచారంతో రాశాడు. సమష్టి నిధి లేనిచోట చదువు ధనికుని అరుగు దాటి రాలేదని ఆ వాక్యానికి నిర్మాణ దృష్టితో అర్థం చెప్పుకోవచ్చు.

4. చావడి: అధికారం కూర్చున్న చోటు

వాడుకలో సావిడి అని కూడా పిలిచే చావడి రచ్చకట్టకు గోడలు, పైకప్పు చేరిన రూపం. మూడువైపులా రాతిగోడ, ముందువైపు స్తంభాలు, పైన మట్టిమిద్దె దీని సాధారణ స్వరూపం. బాటసారుల బసకు, శిస్తు వసూలుకు, అధికారుల మకాంకు, తగవుల విచారణకు ఇదే స్థలం. 1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీకి దక్కాక, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన మన్రో ప్రవేశపెట్టిన రైతువారీ విధానంలో రెడ్డి, కరణం కూర్చునే చావడికి ప్రాముఖ్యం పెరిగింది. గ్రామ మునసబులకు, గ్రామ పంచాయతీలకు విచారణాధికారం ఇచ్చిన 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లు ఆ ప్రాముఖ్యాన్ని చట్టబద్ధం చేశాయి.

రచ్చకట్టతో పోలిస్తే చావడిలో ఒక మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. కట్టమీద మాట వినపడేది. చావడిలో మాట లెక్కల పుస్తకంలోకి ఎక్కింది. రాత వచ్చినవాడు లోపల కూర్చున్నాడు. రానివాడు స్తంభాల అవతల నిలబడ్డాడు. వెనుక గోడ లేచాక కూర్చునేవారికి ముందు, వెనుక అనే దిశలు ఏర్పడ్డాయి. గోడకు ఆనుకుని కూర్చున్నవారు అధికారులు, ఎదురుగా నిలిచినవారు అర్జీదారులు. తరువాతి కాలంలో ప్రభుత్వ కార్యాలయాలు, సభావేదికలు, తరగతిగదులు అనుసరించిన ఎదురెదురు అమరికకు గ్రామస్థాయిలో చావడిని తొలిరూపంగా భావించవచ్చు. ఈ అమరికలో ప్రశ్న ఒకవైపు నుంచి, సమాధానం మరొకవైపు నుంచి వస్తాయి. సంభాషణ పుట్టాలంటే ఈ దిశ మారాలి.

5. పీర్ల చావడి: పంచుకున్న పని

అదే పేరుతో ఉన్నా ఇందుకు పూర్తిగా భిన్నమైన కట్టడం పీర్ల చావడి. మొహర్రం నెలలో పీర్లను నిలిపే ఈ చిన్న కట్టడం రాయలసీమ గ్రామాల్లో ముస్లిం కుటుంబాలు ఒకటి రెండు మాత్రమే ఉన్నచోట కూడా కనిపిస్తుంది. చావడి ముందు గుండం తవ్వి నిప్పు రాజేయడం, పీర్లను ఎత్తుకోవడం, చదివింపులు సమర్పించడం వంటి పనులు పది రోజులపాటు ఊరిలోని వేర్వేరు కులాలవారి మధ్య పంపిణీ అవుతాయి. నార్పల మండలంలోని గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవం ఈ సంప్రదాయానికి అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ. ఈ ఉత్సవంపై అఫ్సర్ మహమ్మద్ చేసిన పరిశోధన 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడింది. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులు కూడా మొక్కుకోవడం ఇదే కోవలోనిది.

ఈ సహజీవనానికి భాషాపరమైన సాక్ష్యం వ్యక్తినామాల్లో ఉంది. కుళ్లాయప్ప, ఫకీరప్ప, మస్తానమ్మ, దస్తగిరమ్మ వంటి పేర్లు ఈ జిల్లాలో హిందూ కుటుంబాల్లో సర్వసాధారణం. ఇస్లామీయ పదానికి తెలుగు, కన్నడ ప్రాంతాల అప్ప, అమ్మ ప్రత్యయాలు చేరి ఏర్పడిన ఈ పేర్లు ఏ పండితుని ప్రోద్బలంతోనూ పుట్టలేదు. మొక్కు తీరి పుట్టిన బిడ్డకు పీరు పేరు పెట్టుకునే ఆచారం నుంచి పుట్టాయి.

నిర్మాణ దృష్టితో చూస్తే పీర్ల చావడిలో రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. ఒకటి, ఇందులో మనుషులు కూర్చునే ఎత్తైన ఆసనం లేదు. ఎత్తైన స్థానం పీర్లది. మనుషులందరూ గుండం చుట్టూ నేలమీదే నిలబడతారు. గుండం వృత్తాకారం కావడంవల్ల ముందు, వెనుక అనే తేడా తగ్గుతుంది. రెండు, ఇక్కడ కలయికకు ఆధారం ఏకాభిప్రాయం కాదు, ఉమ్మడి పని. విశ్వాసంలో ఎవరి అర్థం వారిదే. గుండం తవ్వడం, కట్టెలు తేవడం, వాద్యం వాయించడం మాత్రం ఊరందరి బాధ్యత. మతాల మధ్య సామరస్యాన్ని ఉపన్యాసాలద్వారా బోధించే ప్రయత్నాల కంటే ఈ పని విభజన ఎక్కువకాలం నిలిచిందన్నది గమనించవలసిన విషయం.

అయితే దీనినీ ఆదర్శీకరించడం సరికాదు. పని విభజన కులాల వారీగానే జరిగింది. ఎవరు పీరు ఎత్తాలి, ఎవరు డప్పు కొట్టాలి అన్నది పుట్టుకను బట్టి నిర్ణయమైంది. పైగా ఆ కలయిక ఏడాదికి పది రోజులకే పరిమితం. మిగిలిన రోజుల్లో చావడి మూసి ఉంటుంది. ఇక్కడ సహజీవనం ఉంది. వాదించుకునే అవకాశం, ప్రశ్నించుకునే అలవాటు లేవు. ఆ లోటును పూరించడానికి ప్రయత్నించిన కట్టడం గ్రంథాలయం.

6. గ్రంథాలయం: చదవడం, వినడం, వాదించడం

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1914 ఏప్రిల్ 10న విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ ఈ ప్రయత్నాలను ఉద్యమంగా మలచింది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం కృషితో కృష్ణా కాలువమీద పడవ గ్రంథాలయం కూడా నడిచింది.

ఈ క్రమంలో గమనించదగిన అంశం గ్రంథాలయం ఎక్కడ పుట్టిందన్నది. అది మొదట ఒకరి ఇంట్లో పుట్టి, తరువాత సొంత భవనంలోకి మారింది. అరుగు బడి చేయలేకపోయిన పని ఇదే. ఇల్లు దాటి, సమష్టి నిధితో కట్టిన భవనంలోకి రావడంతో చదువు గృహస్థుని గడప నుంచి విడివడింది. అక్షరం రానివారికి పత్రికలు బిగ్గరగా చదివి వినిపించడం, రాత్రిబడులు నడపడం, ఉపన్యాసం తరువాత చర్చ జరపడం ఈ భవనాల నిత్యకృత్యాలయ్యాయి. నిజాం రాజ్యంలో సభలకు ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రోజుల్లో గ్రంథాలయ సభలు సైతం అనుమతుల చిక్కులో పడ్డాయి. నలుగురు కలిసి చదివి మాట్లాడుకునే గదిని పాలకులు ఎంత శక్తిమంతమైనదిగా భావించారో ఇది తెలుపుతుంది.

రాయలసీమలో ఈ వాతావరణానికి 1916లో అనంతపురంలో నెలకొన్న దత్తమండల కళాశాల, 1926లో పప్పూరి రామాచార్యులు ప్రారంభించిన శ్రీసాధన పత్రిక దోహదం చేశాయి. అదే కళాశాలలో అధ్యాపకులైన చిలుకూరి నారాయణరావు 1928 నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరును ప్రతిపాదించారు. కర్నూలులో జన్మించి, 1908లో స్వరాజ్య పత్రికలోని రచనకు కారాగార శిక్ష అనుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమాన్ని వయోజన విద్యతో జోడించారు. పుస్తకం దాచే గదిగా కాక పెద్దవారు నేర్చుకునే చోటుగా గ్రంథాలయాన్ని నిర్వచించడం ఆయన కృషిలోని ప్రధానాంశం.

1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం, దాని కొనసాగింపుగా 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును వసూలు చేసే వీలు కల్పించాయి. దీని నిర్మాణపరమైన ప్రాధాన్యం తక్కువది కాదు. ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబానికీ ఆ భవనంలో చట్టబద్ధమైన భాగం ఏర్పడింది. రచ్చకట్టమీద కూర్చునే హక్కు లేని కుటుంబానికి కూడా గ్రంథాలయంలో కుర్చీ దక్కింది. బల్ల చుట్టూ కూర్చుని ఒకే పత్రికను పంచుకుని చదివే అమరికలో ఆసనాల ఎత్తు ఒక్కటే.

గ్రంథాలయానికీ పరిమితులు ఉన్నాయి. చట్టం వచ్చాక నిర్వహణ సమితుల చేతినుంచి ఉద్యోగుల చేతికి మారింది. తెరిచే వేళలు కార్యాలయ వేళలయ్యాయి. పొలం పనికి, కూలికి వెళ్లేవారు తిరిగి వచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. 'నిశ్శబ్దం పాటించండి' అన్న ఫలకం చర్చను భవనం బయటకు పంపింది. స్త్రీలకు అనుకూలమైన స్థలం చాలా శాఖల్లో ఏర్పడలేదు.

7. తాళంచెవి ప్రశ్న

స్వాతంత్ర్యానంతరం రాయలసీమ గ్రామాల్లో ముఠాకక్షలు తీవ్రరూపం దాల్చాయి. అనంతపురం జిల్లాలో ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలు ఈ విషయంలో పేరుపడ్డాయి. ముఠాలుగా చీలిన ఊరిలో టీకొట్లు, వీధులు, బస్సు ఎక్కే చోట్లు సైతం ఇరువర్గాల మధ్య విడిపోయాయి. అలాంటి ఊరిలో ఏ ఉమ్మడి భవనమైనా తాళంచెవి ఉన్నవారి వర్గానికి చెందినదిగానే పరిగణన పొందింది. రెండవ వర్గం అక్కడికి రావడం మానుకుంది. మరోవైపు ప్రభుత్వ పథకాల కింద, రాజకీయ నాయకుల నిధులతో కులాలవారీ భవనాలు లేచాయి. అవమానాలు ఎదుర్కొన్న సమూహాలకు తమదైన గౌరవప్రదమైన చోటు ఉండటం న్యాయమే. కానీ అందరికీ చెందిన చోటు కరువైన ఊరిలో ప్రతి సమూహం తన గోడల మధ్య తనవారితోనే మాట్లాడుకోవడం మిగిలింది.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, 1994 నాటి రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం గ్రామసభకు చట్టబద్ధత కల్పించాయి. 'రచ్చబండ' అన్న పేరు ప్రభుత్వ కార్యక్రమానికి శీర్షిక అయింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఆ కార్యక్రమానికి బయలుదేరి వెళుతూ హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. పేరు పాతదే అయినా ఆ కార్యక్రమపు అమరిక చావడిదే. వేదికమీద అధికారులు, ఎదురుగా అర్జీదారులు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో సేవలు ఊరికి చేరువయ్యాయి. అమరిక మాత్రం మారలేదు.

చిలమత్తూరు విషయంలో మరొక అంశం కూడా ప్రస్తావనార్హం. 2008-09 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే ప్రాజెక్టుకు కేటాయింపు పొందింది. ఆ తరువాతి వివాదాలు న్యాయస్థానాలకు చేరాయి. జ్ఞానం పేరుతో అంత భూమి చేతులు మారిన మండలంలో, ఆ మార్పు గురించి రైతులు, కూలీలు, యువకులు కలిసి కూర్చుని చదివి చర్చించుకోవడానికి ఎలాంటి స్థలం ఉందన్న ప్రశ్న ఈ చరిత్రకు ముగింపు కాని ముగింపు.

8. చరిత్ర సూచించే నిర్మాణ సూత్రాలు

పై పరిశీలన ఆధారంగా చిలమత్తూరు వంటి చోట నిర్మించే సామాజిక విద్యాభవనానికి కొన్ని సూత్రాలను ప్రతిపాదించవచ్చు.

మొదటిది స్థలం ఎంపిక. భవనం ఒక వీధికో, ఒక కాలనీకో చెందినదిగా కనిపించకూడదు. బస్టాండు, నీటి వసతి, పాఠశాల వంటి, అన్ని వర్గాలవారూ ఎలాగూ వచ్చే దారుల కూడలిలో ఉండాలి. ఎవరి ఇంటి ముందునుంచో నడిచి రావలసిన చోటు కొందరిని మొదటే దూరం చేస్తుంది.

రెండవది నేలమట్టం. రచ్చకట్ట నేర్పే పాఠం ఇదే. వేదిక, మెట్టు, ఎత్తైన పీట లేని ఒకే మట్టపు నేల కావాలి. దానివల్ల వృద్ధులకు, వికలాంగులకు కూడా సౌలభ్యం ఉంటుంది. కూర్చునే అమరిక పీర్ల గుండంలాగా వృత్తాకారంగా ఉండాలి. స్థానికంగా దొరికే రాతిబండలతో అలాంటి కూర్చునే వరుసలను చవకగా నిర్మించవచ్చు.

మూడవది తెరిచిన భాగం, మూసిన భాగం మధ్య సమతుల్యం. ముందుభాగం మండపంలాగా గోడలు లేకుండా ఉంటే దారిన పోయేవారు ఆగి వినవచ్చు. ఆసక్తి కలిగితే కూర్చోవచ్చు. అయితే పూర్తి బహిరంగత భయం ఉన్నవారి నోరు మూయిస్తుంది. కక్షల్లో నష్టపోయిన కుటుంబం, ఇంటిలో హింసను ఎదుర్కొంటున్న స్త్రీ, మతం మార్చుకున్న యువకుడు అందరి ఎదుట మాట్లాడలేరు. అందుకు లోపల చిన్న గది అవసరం. పాత మిద్దెఇళ్లలో వెలుగు కోసం పైకప్పులో విడిచే గవాచి ఆ గదికి పనికివస్తుంది. వెలుగు వస్తుంది, బయటి చూపు పడదు.

నాల్గవది ఉమ్మడి పని. మాట్లాడుకోవడానికే రమ్మంటే విరోధులు రారు. వాననీటి తొట్టి, పిల్లల చదువు, వలసకూలీలకు దరఖాస్తులు రాసిపెట్టడం, కరువు సహాయ సమాచారం వంటి పనులకు వస్తారు. పీర్ల చావడిలో పని కులాన్ని బట్టి పంపిణీ అయింది. ఇక్కడ అది వంతుల ప్రకారం మారాలి. ఈ ఏడాది నీటి బాధ్యత చూసినవారు మరుసటి ఏడాది పుస్తకాల బాధ్యత చూడాలి.

ఐదవది భాష. 1823లోనే బహుభాషా విద్య ఉన్న ప్రాంతంలో భవనం ఒకే భాషలో మాట్లాడటం చారిత్రక తప్పిదమవుతుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ పత్రికలు ఒకే బల్లమీద ఉండాలి. బిగ్గరగా చదివి వినిపించే పాత అలవాటును సాయంకాలం వేళ పునరుద్ధరించాలి.

ఆరవది పేరు, తాళంచెవి. భవనానికి ఏ వ్యక్తి పేరూ, ఏ కులం పేరూ లేకుండా ఊరి పేరే ఉండటం మేలు. తాళంచెవి వేర్వేరు వాడలకు చెందిన కనీసం ఇద్దరి వద్ద ఉండాలి. వారిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ కావాలి. తెరిచే వేళలు కూలిపని ముగిసే వేళను అనుసరించాలి.

9. ముగింపు

రచ్చకట్టలో బహిరంగత ఉంది, సమానాసనం లేదు. అరుగు బడిలో చదువు ఉంది, గడప దాటే వీలు లేదు. చావడిలో రాత ఉంది, ఎదురెదురు అమరిక సంభాషణను విచారణగా మార్చింది. పీర్ల చావడిలో సహజీవనం ఉంది, ప్రశ్నించుకునే అలవాటు లేదు. గ్రంథాలయంలో సమానాసనమూ చర్చా సంప్రదాయమూ ఉన్నాయి, కాలక్రమంలో తలుపు మూతపడింది. ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ సంపూర్ణ నమూనా కాదు. వాటి మేలు, కీడు కలిపి చూసినప్పుడే ఈ ప్రాంతానికి తగిన కట్టడం ఊహకు అందుతుంది.

భవనం దానంతట అదే ద్వేషాన్ని తొలగించదు. కూర్చునే చోటు ఇవ్వడం వరకే దాని పని. కానీ ఆ చోటు లేకపోతే తొలగించే ప్రయత్నానికే తావుండదని ఈ చరిత్ర తెలుపుతుంది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పాత చావడులు, పీర్ల చావడులు, రచ్చకట్టలు రహదారి విస్తరణలోను, కాంక్రీటు పునర్నిర్మాణంలోను వేగంగా కనుమరుగవుతున్నాయి. వాటి కొలతలను, అమరికను, అక్కడ కూర్చున్నవారి, నిలబడ్డవారి జ్ఞాపకాలను క్షేత్రపర్యటనల ద్వారా నమోదు చేయడం తెలుగు, చరిత్ర, వాస్తుశిల్ప శాఖల పరిశోధకులు కలిసి చేపట్టవలసిన తక్షణ కార్యం. ముఖ్యంగా కట్ట కింద నిలబడిన తరం ఇంకా మన మధ్య ఉంది. వారి సాక్ష్యం నమోదైతే తప్ప రచ్చ అన్న పదానికి సంపూర్ణమైన అర్థం నిఘంటువుకు ఎక్కదు.